కిట్ కారులో ఇంజిన్ కూర్చోబెట్టాక అదురు వస్తుంటే: లక్షణం, కారణం, పరిష్కారం

కిట్ కారు అంటే విడిభాగాలు తెచ్చి మనమే కూర్చుకునే కారు. ముందు ఒక మాట. ఇంజిన్, షాఫ్ట్, పినియన్ కోణాల్లో ఏదైనా కొలిచేటప్పుడు బండి చదునైన నేల మీద నాలుగు చక్రాలతో నిలబడి ఉండాలి. బాడీ, సీట్లు బిగించి, ట్యాంకులో పెట్రోలు పోసి, డ్రైవర్ సీట్లో మనిషిని గానీ మనిషంత బరువు గానీ పెట్టాలి. స్టాండ్ల మీద లేపి, వెనక యాక్సిల్ వేలాడుతుండగా కొలిచి "అన్నీ కరెక్టుగానే ఉన్నాయి, అయినా అదురు పోవట్లేదు" అనేవాళ్లే ఎక్కువ. వేలాడే యాక్సిల్‌లో పినియన్ (డిఫరెన్షియల్‌లోకి శక్తి తెచ్చే చిన్న పళ్ల చక్రం, దాని ఇరుసు) కోణం కొన్ని డిగ్రీలు మారిపోవచ్చు. ఆ అంకెను నమ్మి షిమ్ములు (కోణం సరిచేయడానికి దూర్చే రేకులు) వేస్తే లేని తప్పును కొత్తగా తెచ్చిపెట్టుకున్నట్టే. డిఫరెన్షియల్‌ను (వెనక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టెను) ఛాసిస్‌కే బిగించిన బండిలో ఈ తేడా రాదు. కానీ అక్కడా ఇంజిన్ బరువంతా మౌంటింగ్ రబ్బర్ల మీదే ఉండాలి, దాన్ని ఎత్తే చైన్ బ్లాక్ గొలుసు మీద కాదు. దయచేసి ఇది దాటేయకండి.

అదురు ఎటునుంచి వస్తోంది?

బండిని నిలబెట్టి, న్యూట్రల్‌లో ఇంజిన్ రేస్ చేయండి. అప్పుడే అదిరితే తప్పు ఇంజిన్ వైపు. అదరకపోతే ఖాళీ రోడ్డు మీద అదురు వచ్చే వేగానికి తీసుకెళ్లి క్లచ్ తొక్కి పట్టుకోండి. ఇంజిన్ ఐడిల్‌కి పడిపోయాక కూడా అదురు అలాగే ఉంటే ఇంజిన్‌కి సంబంధం లేదు. తప్పు ప్రొపెల్లర్ షాఫ్ట్‌లోనో (గేర్‌బాక్స్ నుంచి డిఫరెన్షియల్‌కి వెళ్లే తిరిగే గొట్టం) చక్రాల్లోనో ఉంది. చక్రం బ్యాలెన్స్ తప్పితే స్టీరింగ్‌లోనో సీటులోనో ఊపులా తెలుస్తుంది. షాఫ్ట్ అదురు ఫ్లోర్‌లోంచి సన్నగా, గుయ్‌మంటూ వస్తుంది.

ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. చుట్టుకొలత 1.8 మీటర్లున్న చక్రం గంటకు 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 12 సార్లు తిరుగుతుంది. 3.9 నిష్పత్తి ఉన్న డిఫరెన్షియల్ అయితే షాఫ్ట్ 48 సార్లు తిరుగుతుంది. యూనివర్సల్ జాయింటు (షాఫ్ట్ చివర, వంకరగా ఉన్నా తిరగనిచ్చే కీలు) కోణం వల్ల పుట్టే అదురు షాఫ్ట్ చుట్టుకి రెండుసార్లు వస్తుంది, అంటే సెకనుకు 96.

నిలబడి ఉన్నా అదిరితే

మౌంటింగ్ రబ్బర్లను మెలిపెట్టి బిగించి ఉంటారు. రంధ్రాలు కలవలేదని ఇనుప కడ్డీతో లాగి బోల్టు దూర్చారంటే ఆ రబ్బరు అప్పటికే ఒక పక్కకి నలిగిపోయి ఉన్నట్టు. ఇంజిన్ మౌంటింగ్‌లు, గేర్‌బాక్స్ మౌంటింగ్ బోల్టులన్నీ వదులు చేసి, ఇంజిన్‌ను చేత్తో అటూ ఇటూ ఊపి, దానంతట అది కూర్చున్నాక బిగించండి. అప్పటికీ రంధ్రం కలవకపోతే బ్రాకెట్ సరిచేయాలి, బోల్టును బలవంతపెట్టకూడదు. తర్వాత టార్చి లైటు వేసి సంప్ (ఇంజిన్ కింది ఆయిల్ తొట్టి), ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, స్టీరింగ్ కాలమ్ చుట్టూ చూడండి. లోడు మీద ఇంజిన్ ఒరుగుతుంది కాబట్టి చుట్టూ 20 మి.మీ. ఖాళీ ఉండటం మంచిది. ఎక్కడైనా రంగు గీసుకుపోయి ఇనుము మెరుస్తుంటే తగులుతున్నది అక్కడే.

వేగం పెరిగే కొద్దీ అదురు, క్లచ్ తొక్కినా పోదు

అందరికీ తెలిసిన సూత్రమే. గేర్‌బాక్స్ షాఫ్టూ, డిఫరెన్షియల్ పినియనూ పక్క నుంచి చూస్తే సమాంతరంగా ఉండాలి. షాఫ్ట్ రెండు చివర్ల ఉన్న జాయింట్ల కోణాల మధ్య తేడా 1 డిగ్రీలోపు, ఒక్కొక్క కోణం దాదాపు 3 డిగ్రీలలోపు ఉండాలి. పూర్తిగా సున్నా కూడా వద్దు. అర డిగ్రీ అయినా లేకపోతే స్పైడర్‌లో (జాయింటు మధ్యలోని శిలువ ఆకారపు ముక్క) నీడిల్ బేరింగులు కదలక ఒకేచోట అరుగుతాయి. లీఫ్ స్ప్రింగుల యాక్సిల్ అయితే యాక్సిలరేటర్ తొక్కగానే పినియన్ ముక్కు పైకి లేస్తుంది కాబట్టి దాన్ని 1-2 డిగ్రీలు కిందికి ఉంచాలి. షాఫ్ట్ రెండు చివర్ల యోకులు (జాయింటును పట్టుకునే చీలిక కొమ్ములు) ఒకే వరసలో ఉండాలి. స్ప్లైన్ (ఒకదానిలో ఒకటి దూరే పళ్ల అతుకు) ఊడదీసేముందు పెయింటుతో గీత పెట్టకపోతే ఒక పన్ను అటూ ఇటూ ఎక్కేస్తుంది.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా అదురు పోని బండ్లు ఉంటాయి. ఓనర్ అప్పటికే షాఫ్ట్ బ్యాలెన్స్ చేయించి, స్పైడర్లు మార్చి, గేర్‌బాక్స్ రబ్బరు కూడా కొత్తది వేసి ఉంటాడు. పక్క నుంచి యాంగిల్ గేజ్ పెడితే ముందు 2, వెనక 2. అద్దంలా ఉంది అనుకుంటాం. తప్పు పక్క నుంచి కనపడదు, పై నుంచి చూస్తేనే కనపడుతుంది. ఇంజిన్ అడ్డంగా తిరిగిపోయి ఉంటుంది.

ఇది ఎలా జరుగుతుందంటే, స్టీరింగ్ కాలమ్‌కి మానిఫోల్డ్ అడ్డొస్తుంది, లేదా పెడల్స్ దగ్గర కాలికి చోటు చాలదు. ముందు మౌంటింగ్‌లు రెండూ 25 మి.మీ. పక్కకి జరిపి వెల్డ్ చేస్తారు. వెనక గేర్‌బాక్స్ మాత్రం టన్నెల్ (ఫ్లోర్ మధ్యలో గేర్‌బాక్స్, షాఫ్ట్ పట్టే సొరంగం) మధ్యలోనే ఉంటుంది. ముందు మౌంటింగ్‌లకీ గేర్‌బాక్స్ మౌంటింగ్‌కీ మధ్య 700 మి.మీ. ఉంటే ఇంజిన్ దాదాపు 2 డిగ్రీలు తిరిగినట్టు. ఇప్పుడు ముందు జాయింటులో నిలువుగా 2, అడ్డంగా 2, రెండూ కలిపితే 2.8 డిగ్రీలు. వెనక జాయింటులో నిలువు 2 మాత్రమే. అంకెల్లో తేడా ఒక డిగ్రీ కూడా లేదు కదా అనిపిస్తుంది. అసలు మోసం అంకెలో లేదు. ముందు జాయింటు వంగే దిశ వెనకదానికి 45 డిగ్రీలు ఏటవాలుగా మారిపోయింది. ఒక జాయింటు పుట్టించే హెచ్చుతగ్గులను రెండోది రద్దు చేయాలంటే రెండూ ఒకే దిశలో వంగాలి. దిశ తప్పాక యోకులు ఎంత వరసలో ఉన్నా లాభం లేదు. ఈ లెక్కలో మిగిలేది, ఒకే జాయింటు 3 డిగ్రీల వంకరలో తిరిగినంత అదురు. వేగం రెట్టింపైతే ఆ కుదుపు నాలుగు రెట్లవుతుంది. అందుకే ఊళ్లో తిరిగేటప్పుడు ఏమీ తెలియదు, హైవే ఎక్కగానే ఫ్లోర్ గుయ్‌మంటుంది.

కొలవడం కష్టం కాదు. దారానికి బరువు కట్టి క్రాంక్ పుల్లీ బోల్టు మధ్య నుంచి ఒకటి, గేర్‌బాక్స్ తోక మధ్య నుంచి ఒకటి వేలాడదీసి నేల మీద సుద్దతో గుర్తులు పెట్టండి. బరువు ఊగడం పూర్తిగా ఆగాకే గుర్తు పెట్టాలి. వెనక రెండు హబ్బుల్లో ఒక్కోదాని నడిమి బిందువు నుంచి కూడా అలాగే (డిఫరెన్షియల్ ఛాసిస్‌కి బిగించి ఉంటే దాని రెండు అవుట్‌పుట్ ఫ్లాంజిల నుంచి). వెనక గుర్తులు రెండూ కలిపి గీత గీసి, దానికి 3-4-5 లెక్కన (భుజాలు ఆ నిష్పత్తిలో ఉన్న త్రిభుజంలో లంబకోణం వస్తుంది) లంబంగా ముందుకి ఒక గీత లాగండి. పినియన్ దిశ ఇదే. పుల్లీ గుర్తు, గేర్‌బాక్స్ గుర్తు ఈ గీతకి ఎంతెంత దూరంలో ఉన్నాయో టేపుతో చూడండి. రెండు దూరాలూ సమానమైతే ఇంజిన్ నేరుగా ఉంది. ఆ రెండు గుర్తుల మధ్య 1 మీటరు ఉంటే, ప్రతి 17 మి.మీ. తేడా 1 డిగ్రీతో సమానం.

ఇంజిన్ మొత్తం పక్కకి జరిగి ఉండటం తప్పు కాదు, సమాంతరంగా జరిగితే చాలు. కాబట్టి పరిష్కారం, ముందు ఎంత జరిపారో గేర్‌బాక్స్ తోకనీ అంతే జరపడం. క్రాస్ మెంబర్‌లో (గేర్‌బాక్స్ కింద ఛాసిస్‌కి అడ్డంగా ఉండే కమ్మీ) రంధ్రాలను పొడుగు చేసి, జరిపి, మళ్లీ కొలిచి, అప్పుడు మందపాటి వాషర్లు వెల్డ్ చేసి స్థిరపరచండి. అయితే షాఫ్ట్ పొడవు చూసుకోండి. 1500 మి.మీ. షాఫ్ట్‌కి 25 మి.మీ. పక్కకి జరిగితే 1 డిగ్రీయే. చిన్న రెండు సీట్ల బండ్లలో షాఫ్ట్ 600 మి.మీ. ఉంటే అదే 2.4 డిగ్రీలు, నిలువు 2తో కలిపితే 3 దాటుతుంది. అలాంటప్పుడు ఇంజిన్‌ను మధ్యకి తెచ్చి, స్టీరింగ్ కాలమ్‌కి ఇంకో జాయింటు వేసి దారి మళ్లించడమే మేలు. మౌంటింగ్‌లు మొదట టాక్ (చిన్న చుక్క వెల్డు) మాత్రమే వేసి, ఈ కొలత అయ్యాకే పూర్తి వెల్డ్ చేస్తే ఈ తలనొప్పే ఉండదు.

గుంతలో పడ్డప్పుడు టక్కుమని కొట్టడం, గేర్‌బాక్స్ వెనక సీల్ కారడం

షాఫ్ట్ పొడవు ఎక్కువై స్లిప్ యోక్ (గేర్‌బాక్స్ తోకలో ముందుకీ వెనక్కీ జారే యోక్) లోపలికి తగిలిపోతోంది. బండి చక్రాల మీద ఉన్నప్పుడు యోక్ ఇంకా 20-25 మి.మీ. లోపలికి వెళ్లే వీలుండాలి. లేకపోతే షాఫ్ట్ తగ్గించి చేయించాలి.

క్లచ్ వణుకు, గేర్లు గట్టిగా పడటం

బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య క్లచ్‌ను కప్పే గంటలాంటి భాగం) డొవెల్ పిన్నులు (రెండు భాగాలనూ సరిగ్గా ఎదురెదురుగా నిలిపే పిన్నులు) ఉన్నాయా? వేరే బండి నుంచి తెచ్చిన ఇంజిన్లలో ఇవి మాయమై ఉంటాయి. బోల్టులు ఒక్కటే గేర్‌బాక్స్‌ను మధ్యకి తేలేవు. ఇంకొకటి, బెల్ హౌసింగ్‌కీ బ్లాకుకీ మధ్య సందు ఉండగా బోల్టులతో లాగి మూయొద్దు. ఇన్‌పుట్ షాఫ్ట్ స్ప్లైన్‌లో ఎక్కలేదని అర్థం. అలా లాగితే క్లచ్ ప్లేటు హబ్ పోతుంది.

మిగతావి

సెల్ఫ్ నెమ్మదిగా తిరిగి క్లచ్ కేబుల్ వేడెక్కితే ఇంజిన్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఎర్త్ తీగ లేదు. రబ్బర్లు కరెంటు దాటనివ్వవు. రేడియేటర్ పైభాగం హెడ్ కంటే కిందికి ఉంటే గాలి చిక్కి ఇంజిన్ వేడెక్కుతుంది, హెడర్ ట్యాంకును (రేడియేటర్ నీళ్లు నింపే చిన్న ట్యాంకు) అన్నిటికన్నా ఎత్తులో పెట్టండి. యాక్సిలరేటర్ కొంచెం తొక్కితే బండి తనంతట తానే ఊపందుకుంటే, ఇంజిన్ ఒరిగినప్పుడు కేబుల్ లాగబడుతోంది, కేబుల్‌కి కాస్త వంపు ఇవ్వండి. వంగిన ఫ్లాంజి, చెడిపోయిన క్రాంక్ డ్యాంపర్ (క్రాంక్ అదురును తగ్గించే పుల్లీ) చాలా అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.