పాత ఈపీఏబీఎక్స్ నుంచి ఐపీ టెలిఫోన్ వ్యవస్థకు కార్యాలయాన్ని మార్చడం ఎలా?

రిసెప్షన్ వెనక గోడకు బిగించిన ఈపీఏబీఎక్స్ పెట్టె (కార్యాలయంలోని ఫోన్లను ఒకదానితో ఒకటి, బయటి లైన్లతో కలిపే యంత్రం) పదిహేను, ఇరవై ఏళ్లు మొరాయించకుండా పని చేస్తుంది కాబట్టి దాని గురించి ఎవరూ ఆలోచించరు. ఏదో ఒక వేసవి చివర ఉరుములు, మెరుపులతో గాలివాన వచ్చినప్పుడు బయటి లైన్లను కలిపే ట్రంకు కార్డు కాలిపోతుంది. బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ ఆ కార్డు తయారీ ఎప్పుడో ఆగిపోయిందని చెబుతాడు. అప్పటికప్పుడు దొరికిన కొత్త వ్యవస్థను తెచ్చి బిగిస్తారు, ఆ తర్వాత నెలల తరబడి ఇబ్బంది పడతారు. పెట్టె ఇంకా పని చేస్తూ ఉండగానే, తొందర లేని రోజుల్లో, మాటలను కంప్యూటర్ నెట్‌వర్కు మీదుగా పంపే ఐపీ వ్యవస్థకు ఈ మార్పు మొదలుపెట్టడం మంచిది.

ఇక్కడ చెప్పే విధానానికి 40 ఎక్స్‌టెన్షన్లు (లోపలి ఫోన్లు), 8 రాగి తీగ లైన్లు ఉన్న మూడంతస్తుల కార్యాలయాన్ని నమూనాగా తీసుకున్నాను. విజయవాడ, వరంగల్ వంటి నగరాల్లో ఇలాంటి కార్యాలయాలు ఎక్కువగానే కనిపిస్తాయి. ఏ కంపెనీ యంత్రం కొనాలన్న ప్రశ్నతోనే అందరూ మొదలుపెడతారు గానీ, నా అనుభవంలో ఈ పని గెలుపోటములు పాత తీగల లెక్క మీదే ఆధారపడతాయి. అందుకే ఆ భాగం మీద ఎక్కువసేపు నిలుస్తాను.

మొదటి మెట్టు: పాత వ్యవస్థలో ఏముందో రాసుకోవడం

ఈపీఏబీఎక్స్ పక్కన క్రోన్ మాడ్యూళ్లు (ఫోన్ తీగల జతలను కలిపే పలకలు) బిగించిన పెట్టె ఉంటుంది. తలుపు తెరిస్తే తెలుపు-నీలం, తెలుపు-నారింజ, తెలుపు-ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, తెలుపు-బూడిద రంగుల జతలు వరుసగా కనిపిస్తాయి. ఒక్కో మాడ్యూలు మీద పది జతలుంటాయి. తలుపు లోపలి వైపు ఎప్పుడో పెన్సిలుతో రాసి అతికించిన చీటీ ఒకటి ఉంటుంది గానీ, అందులో సగం ఇప్పటి పరిస్థితితో సరిపోదు. ఆ చీటీని నమ్మకూడదు.

ఇద్దరు మనుషులు ఒక పూట కేటాయిస్తే నమ్మదగిన లెక్క తయారవుతుంది. ఒకరు టెస్ట్ ఫోన్ పట్టుకొని క్రోన్ దగ్గర నిలబడి ఒక్కో జత మీద డయల్ టోన్ ఉందో లేదో చూసి, నంబరు కనిపించే తెర ఉన్న ఫోన్‌కు కాల్ చేస్తే ఆ జత ఏ ఎక్స్‌టెన్షనో తెలిసిపోతుంది. తర్వాత ఆ నంబరుకు కాల్ చేసి మోగిస్తే, రెండో వ్యక్తి గదులన్నీ తిరుగుతూ ఆ ఎక్స్‌టెన్షన్ ఎక్కడ మోగుతోందో చూసి చెప్పాలి. జత సంఖ్య, ఎక్స్‌టెన్షన్ నంబరు, గది, అక్కడున్న పరికరం, బయటి కాల్స్‌కు అనుమతి ఎంతవరకు ఉంది, ఒకరి ఫోన్ మోగినప్పుడు ఇంకెవరు ఎత్తగలరు అనే వివరాలను పట్టికలో రాసుకోవాలి.

డయల్ టోన్ ఉండి, ఏ గదిలోనూ ఫోన్ కనిపించని జతలు ఈ లెక్కలో తప్పకుండా బయటపడతాయి. వాటిని పనికిరానివని కొట్టేయకూడదు. నేను పాల్గొన్న ఒక మార్పిడిలో అలాంటి మూడు జతలను వదిలేశాం. నాలుగో రోజు లిఫ్టు మరమ్మతుకు వచ్చిన మనిషి చెప్పేవరకు, వాటిలో ఒకటి లిఫ్టులోని అత్యవసర ఫోన్‌ది అన్న సంగతి మాకు తెలియలేదు. ఆ నాలుగు రోజుల్లో లిఫ్టులో ఎవరూ ఇరుక్కోలేదు కాబట్టి సరిపోయింది. ఆనాటి నుంచి లిఫ్టు, గేటు దగ్గరి వాచ్‌మన్ గది, జనరేటర్ షెడ్డు, ఫ్యాక్స్, అగ్నిమాపక అలారం ప్యానెల్ అనే ఐదింటి పేర్లు పట్టికలో ముందే రాసిపెట్టుకొని, వాటి జతలు దొరికేదాకా వెతకడం అలవాటు చేసుకున్నాను.

రెండో మెట్టు: బయటి లైన్ల సంగతి తేల్చుకోవడం

ఎనిమిది లైన్లున్న చోట సాధారణంగా ఒక పైలట్ నంబరుకు హంటింగ్ సౌకర్యం ఉంటుంది. అంటే ఆ నంబరుకు వచ్చిన కాల్, మొదటి లైను ఖాళీగా లేకపోతే రెండోదానికి, అదీ లేకపోతే మూడోదానికి వెళుతుంది. బోర్డు మీద, విజిటింగ్ కార్డుల మీద, పాత రసీదుల మీద ఉండేది ఈ పైలట్ నంబరే కనుక, దాన్ని కాపాడుకోవడమే అన్నిటికన్నా ముఖ్యం. మొబైల్ నంబరును ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకు మార్చుకునే వీలు మన దేశమంతటా 2011 జనవరి నుంచి ఉంది గానీ, ల్యాండ్‌లైన్ నంబరుకు ఆ వీలు లేదు. కాబట్టి సంస్థను మారిస్తే నంబరు పోతుందనే లెక్కతోనే నిర్ణయం తీసుకోవాలి. అదే సంస్థ దగ్గర రాగి తీగ నుంచి ఫైబర్‌కు మారేటప్పుడు కూడా, నంబరు అలాగే ఉంటుందని లిఖితపూర్వకంగా తీసుకున్న తర్వాతే దరఖాస్తు మీద సంతకం చేయాలి.

బయటి లైన్లకు మూడు దారులున్నాయి. పాత రాగి లైన్లను అలాగే ఉంచి, ఎఫ్ఎక్స్ఓ గేట్‌వే అనే పరికరం ద్వారా కొత్త వ్యవస్థకు కలపవచ్చు. లేదా పీఆర్ఐ అనే డిజిటల్ లైను తీసుకోవచ్చు. సెకనుకు 2.048 మెగాబిట్ల వేగంతో నడిచే ఆ ఒక్క లింకు మీద ఒకేసారి 30 సంభాషణలు సాగుతాయి. మూడోది సిప్ ట్రంకు (సిప్ అంటే నెట్‌వర్కు మీద కాల్స్ కలపడానికి వాడే ప్రమాణం). ఇందులో కాల్స్ డేటా లింకు మీదుగా వస్తాయి, ఎన్ని చానళ్లు కావాలంటే అన్నే తీసుకోవచ్చు. 40 ఎక్స్‌టెన్షన్ల కార్యాలయంలో ఒకేసారి బయటికి సాగే కాల్స్ పది, పన్నెండు దాటడం అరుదు కాబట్టి 30 చానళ్ల పీఆర్ఐ అక్కర్లేదు. లైసెన్సున్న టెలికాం సంస్థ నుంచి సిప్ ట్రంకు తీసుకొని, పాత రాగి లైన్లలో రెండింటిని మాత్రం ఉంచుకోవాలని నా సలహా. ఆ రెండు ఎందుకో విద్యుత్తు గురించి చెప్పేటప్పుడు వివరిస్తాను.

వేర్వేరు ఊళ్లలో శాఖలున్నవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఒక ఊరి కాల్‌ను ఇంటర్నెట్ మీదుగా ఇంకో ఊరి కార్యాలయానికి పంపి, అక్కడి లోకల్ లైను మీదుగా బయటికి పంపడం మన టెలికాం నిబంధనల ప్రకారం కుదరదు. శాఖల మధ్య ఎక్స్‌టెన్షన్లను కలపాలనుకుంటే ఏ మేరకు అనుమతి ఉందో టెలికాం సంస్థను ముందే అడిగి తెలుసుకోవాలి.

మూడో మెట్టు: యంత్రాన్ని ఎంచుకోవడం

డిజిటల్ అన్న పేరుతో అమ్మేవన్నీ ఒకటి కావు. కొన్ని పాత తరం డిజిటల్ కీ ఫోన్ వ్యవస్థలు ఆ కంపెనీ సొంత ఫోన్లతో తప్ప పని చేయవు. ఇప్పుడు కొనేది సిప్ ప్రమాణాన్ని పాటించేదై ఉండాలి. అలాంటిదైతే ఏ కంపెనీ ఫోన్ కొన్నా కలుస్తుంది.

కార్యాలయంలో లినక్స్ తెలిసిన ఉద్యోగి ఉంటే, మార్క్ స్పెన్సర్ 1999లో రాసిన ఆస్టరిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మామూలు కంప్యూటరు మీదే వ్యవస్థను నిలబెట్టుకోవచ్చు. అలాంటి మనిషి లేని చోట ఉచితమని దాన్ని ఎంచుకోవద్దు, ఎందుకంటే నిలబెట్టిన వ్యక్తి వెళ్లిపోయాక దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ ఉండదు. పాత అనలాగ్ ఫోన్లకూ, ఐపీ ఫోన్లకూ ఒకే పెట్టెలో కార్డులు పెట్టుకునే హైబ్రిడ్ ఐపీ పీబీఎక్స్ (పీబీఎక్స్ అంటే కార్యాలయపు సొంత ఎక్స్ఛేంజి) చాలా కార్యాలయాలకు సరిపోతుంది.

నాలుగో మెట్టు: తీగలు, స్విచ్చులు

పాత టెలిఫోన్ తీగ మీద ఐపీ ఫోన్ నడవదు. దానికి క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 నెట్‌వర్కు తీగ కావాలి, ఆ తీగ పొడవు 100 మీటర్లు దాటకూడదు. అలాగని అన్ని గదులకూ కొత్త తీగ లాగాల్సిన పని లేదు. రోజంతా ఫోన్ మాట్లాడేవారి బల్లల మీద ఐపీ ఫోన్లు పెట్టి, లిఫ్టుకు, గేటుకు, స్టోర్ రూముకు పాత ఫోన్లనే ఉంచి, వాటి జతలను క్రోన్ దగ్గరే కొత్త యంత్రంలో అనలాగ్ ఫోన్ల కోసం ఉండే ఎఫ్ఎక్స్ఎస్ పోర్టులకు కలిపితే ఖర్చు బాగా తగ్గుతుంది. గేటు 300 మీటర్ల దూరంలో ఉంటే అనలాగ్ ఫోనే నమ్మకమైన మార్గం.

ఐపీ ఫోన్లకు తీగ ద్వారానే కరెంటు ఇచ్చే పీఓఈ స్విచ్చు తీసుకోవాలి. ఒక్కో ఫోనుకు 7 వాట్లు లెక్కవేసుకుంటే 24 ఫోన్లకు 168 వాట్లు అవుతాయి. స్విచ్చులో 24 పోర్టులున్నంత మాత్రాన అన్నింటికీ చాలినంత కరెంటు ఇస్తుందని అనుకోకుండా, మొత్తం ఎన్ని వాట్లు ఇవ్వగలదో పెట్టె మీద చూసి కొనాలి.

ఇంటర్నెట్ వేగం గురించి ఎక్కువ బెంగ అక్కర్లేదు. మాటను డిజిటల్‌గా మార్చే జీ.711 పద్ధతిలో ఒక కాల్‌కు ఒక్కో దిశలో సెకనుకు దాదాపు 87 కిలోబిట్లు కావాలి, పన్నెండు కాల్స్‌కు ఒక మెగాబిట్ కన్నా కొద్దిగా ఎక్కువ. వేగం కన్నా నిలకడ ముఖ్యం. అవతలి మనిషి గొంతు 150 మిల్లీసెకన్లలోపు మనకు చేరాలి, అంతకన్నా ఆలస్యమైతే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెడతారు. ఎవరో పెద్ద ఫైలు పంపగానే మాటలు తెగిపోకుండా ఉండాలంటే ఫోన్లకు వేరే వీలాన్ (అదే నెట్‌వర్కులో విడిగా ఉండే భాగం) ఏర్పాటు చేసి, మాటల ప్యాకెట్లకు రూటరులో మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి. రూటరులో సిప్ సందేశాలను దారిలో సవరించే సిప్ ఏఎల్‌జీ అనే సదుపాయం ఉంటే దాన్ని ఆపేయాలి. మన మాట వాళ్లకు వినపడి, వాళ్ల మాట మనకు వినపడకపోవడానికి చాలాసార్లు అదే కారణమవుతుంది.

ఐదో మెట్టు: విద్యుత్తు, ఎర్తింగ్

పాత ల్యాండ్‌లైన్ ఫోనుకు ఎక్స్ఛేంజి నుంచే సుమారు 48 వోల్టుల కరెంటు వస్తుంది కాబట్టి, కార్యాలయంలో కరెంటు పోయినా అది మోగేది. కొత్త వ్యవస్థలో ఫైబర్ మోడెమ్, రూటరు, పీఓఈ స్విచ్చు, పీబీఎక్స్ నాలుగూ నడిస్తేనే ఒక్క ఫోన్ మోగుతుంది. ఈ నాలుగింటినీ ఒకే యూపీఎస్ మీద పెట్టాలి. కంప్యూటర్లను, ప్రింటర్లను దానికి తగిలించకూడదు. అయినా యూపీఎస్ చేతులెత్తేసే రోజు వస్తుంది కనుక, ఇందాక చెప్పిన రెండు రాగి లైన్లలో ఒకదాన్ని నేరుగా రిసెప్షన్‌లో ఒక మామూలు ఫోనుకు కలిపి ఉంచాలి.

రాగి లైను బయటి నుంచి వచ్చినంత కాలం పిడుగుపాటు భయం ఉంటుంది. క్రోన్ మాడ్యూళ్ల మీద సర్జ్ ప్రొటెక్టర్లు బిగించి, వాటిని సరైన ఎర్తింగ్‌కు కలపాలి. ఎర్త్ పిట్ (ఎర్తింగ్ కోసం తవ్విన గుంత) ఎండిపోయి ఉంటే ప్రొటెక్టరు పెట్టినా ఫలితం ఉండదు. వేసవి గాలివానలకు ముందే ఎలక్ట్రీషియన్ చేత దాన్ని పరీక్షింపజేయాలి.

ఆరో మెట్టు: నంబర్ల అమరిక

ఎక్స్‌టెన్షన్ నంబర్లను మార్చకండి. అకౌంట్స్ విభాగం 214 అని ఇరవై ఏళ్లుగా అలవాటైన చోట కొత్త నాలుగంకెల పద్ధతి తెస్తే ఎవరికీ మేలు జరగదు.

2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసేటప్పుడు ముందు 0 కలపాల్సి ఉంది. పాత ఈపీఏబీఎక్స్‌లో బయటి లైనుకు కూడా 0 నొక్కే అలవాటు ఉండటంతో, సిబ్బంది రెండు సున్నాలు నొక్కాల్సి వస్తోంది, ఒకటి మరిచిపోతే కాల్ వెళ్లదు. కొత్త వ్యవస్థలో పదంకెల మొబైల్ నంబరును అలాగే నొక్కినా, ముందు ఒకటో రెండో సున్నాలు పెట్టి నొక్కినా సరిగ్గా వెళ్లేలా నియమం రాయించాలి. ఈ చిన్న పని చేయించిన చోట మొదటి వారం ఫిర్యాదులు సగానికి సగం తగ్గడం చూశాను.

112, 108, 101 నంబర్లు ముందు ఏ అంకె నొక్కకుండానే ప్రతి ఫోన్ నుంచి వెళ్లాలి, అదీ స్థానిక రాగి లైను మీదుగా వెళ్లాలి. హైదరాబాద్ నంబరున్న సిప్ ట్రంకు మీదుగా విజయవాడ శాఖ నుంచి 108కి ఫోన్ చేస్తే, అంబులెన్సు కోసం అడిగే మనిషి మొదట తన ఊరి గురించి వివరించుకోవాల్సిన దుస్థితి రావచ్చు.

రాగి లైన్లను కలిపిన గేట్‌వేలో భారతదేశపు టోన్లను ఎంచుకోవాలి. మన బిజీ టోన్ 400 హెర్ట్జ్‌లో, ముప్పావు సెకను మోగి ముప్పావు సెకను ఆగుతుంది. యంత్రం దీన్ని గుర్తించకపోతే అవతలి వాళ్లు పెట్టేసిన తర్వాత కూడా లైను ఖాళీ కాదు. సాయంత్రానికి లైన్లన్నీ బిజీగా ఉండి, ఎవరూ మాట్లాడకుండా కనిపిస్తే కారణం ఇదే.

ఏడో మెట్టు: తాళాలు వేయడం

ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న పీబీఎక్స్‌ను సిప్ వాడే 5060 పోర్టు మీద రాత్రింబవళ్లు ఎవరో ఒకరు తట్టి చూస్తూనే ఉంటారు. ఎక్స్‌టెన్షన్ 201కి 201 అనే పాస్‌వర్డు పెడితే, ఒక్క శని, ఆదివారాల్లో విదేశీ కాల్స్‌తో భరించలేనంత బిల్లు వస్తుంది. పొడవైన పాస్‌వర్డులు పెట్టాలి, టెలికాం సంస్థ చిరునామాల నుంచి తప్ప వేరే ఎక్కడి నుంచీ ఆ పోర్టుకు దారి ఉండకూడదు, అవసరం లేనివారందరికీ ఐఎస్‌డీ మూసేయాలి. టెలికాం సంస్థ వైపు నుంచి కూడా ఐఎస్‌డీకి పరిమితి పెట్టించడం మరిచిపోవద్దు.

ఎనిమిదో మెట్టు: రెండింటినీ కలిపి నడిపి, ఆపై మారడం

పాతదాన్ని ఒకేరోజు పీకేయకూడదు. కొత్త వ్యవస్థలోని ఎఫ్ఎక్స్ఎస్ పోర్టులు రెండింటిని పాత ఈపీఏబీఎక్స్ ట్రంకు పోర్టులకు కలిపితే రెండు వ్యవస్థల ఫోన్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఆ ఏర్పాటుతో ఒక్కో అంతస్తును ఒక్కో వారం మార్చుకుంటూ రావచ్చు. పైలట్ నంబరును మాత్రం చివర్లో, రెండో శనివారం, ఆదివారం కలిసొచ్చే సెలవుల్లో మార్చాలి.

ఆ ఆదివారం మొదటి మెట్టులో రాసుకున్న పట్టికను చేతపట్టుకొని ప్రతి ఫోన్ దగ్గరికీ నడిచి వెళ్లాలి. లోపలి కాల్, బయటి కాల్, బయటి నుంచి వచ్చే కాల్, ట్రాన్స్‌ఫర్, హోల్డ్ అన్నీ చూడాలి. రెండు వైపులా మాట వినపడుతోందో లేదో కనీసం రెండు నిమిషాలు మాట్లాడి తెలుసుకోవాలి, ఎందుకంటే కొన్ని లోపాలు మొదటి అర నిమిషంలో బయటపడవు. లిఫ్టు తలుపు వేసుకొని లోపలి నుంచి కూడా ఒక కాల్ చేయాలి. చివరగా మెయిన్ స్విచ్చు ఆపి, యూపీఎస్ మీద ఫోన్లు ఎంతసేపు నిలుస్తాయో గడియారం పెట్టి చూడాలి.

పాత పెట్టెను ఒక నెల పాటు అక్కడే ఉంచండి. ఒక బిల్లు సక్రమంగా వచ్చాక మిగిలిన ఆరు రాగి లైన్లను సరెండర్ చేసి, డిపాజిట్ వెనక్కి అడిగి, రద్దు చేసినట్టు రసీదు తీసుకోవాలి. పాత ఈపీఏబీఎక్స్‌ను ఈ-వ్యర్థాలు తీసుకునే నమోదిత రీసైక్లర్‌కు, దాని లెడ్ బ్యాటరీలను బ్యాటరీలు అమ్మే డీలరుకు అప్పగించాలి. సరిచూసిన పట్టిక కొత్త ప్రతిని తేదీ వేసి, క్రోన్ పెట్టె తలుపు లోపల పాత చీటీ ఉన్న చోటే అతికించండి.