డ్రాప్‌డౌన్ ఉంది కదా అని సర్వర్‌లో చెక్ మానేయకండి

డ్రాప్‌డౌన్‌లో మూడే ఆప్షన్లు పెట్టాం, నాలుగోది ఎలా వస్తుందిలే అనుకుంటాం. వస్తుంది. బ్రౌజర్‌లో ఇన్‌స్పెక్ట్ తెరిచి ఆప్షన్ విలువ మార్చడానికి అర నిమిషం చాలు. అసలు పేజీ తెరవకుండానే కర్ల్ అనే కమాండ్ లైన్ టూల్‌తో నేరుగా రిక్వెస్ట్ పంపొచ్చు. జావాస్క్రిప్ట్‌లో పెట్టిన చెక్ వాడేవాళ్ల సౌకర్యానికే, భద్రతకు కాదు.

అందుకే అనుమతించే విలువల జాబితా సర్వర్‌లో ఉంచండి. వచ్చిన విలువ అందులో లేకపోతే తిప్పికొట్టండి. అదే జాబితా నుంచి డ్రాప్‌డౌన్‌ను కూడా తయారు చేస్తే రెండు చోట్లా మార్చే తలనొప్పి ఉండదు.

పీహెచ్‌పీ వాడేవాళ్లకు ఒక మాట. విలువ జాబితాలో ఉందో లేదో చూసే ఇన్_అర్రే ఫంక్షన్‌కు మూడో ఆర్గ్యుమెంట్‌గా ట్రూ ఇవ్వండి, అప్పుడు విలువతో పాటు దాని రకం (అంకెనా, స్ట్రింగా) కూడా సరిపోలాలి. పీహెచ్‌పీ 8 కన్నా పాత వెర్షన్లలో అది లేకపోతే, జాబితాలో 0 అనే అంకె ఉంటే చాలు, ఏబీసీ అనే స్ట్రింగ్ (అక్షరాల విలువ) కూడా దర్జాగా లోపలికి వచ్చేస్తుంది. ఫారం నుంచి వచ్చేవి స్ట్రింగ్‌లే కాబట్టి జాబితాలోనూ స్ట్రింగ్‌లే పెట్టండి, లేదంటే సరైనవి కూడా ఆగిపోతాయి.

చాలామంది మర్చిపోయేది ఇంకోటి ఉంది. యూజర్ సేవ్ చేసుకున్న అడ్రస్‌ల డ్రాప్‌డౌన్ అనుకోండి. వచ్చిన ఐడీ డేటాబేస్‌లో ఉందా అని చూస్తే సరిపోదు, అది ఆ యూజర్‌దేనా అని కూడా డేటాబేస్‌కు పంపే క్వెరీలోనే చూడాలి. లేకపోతే అంకె మార్చి పక్కవాళ్ల అడ్రస్ లాగేస్తారు. జాబితాలో ఉన్నా సరే, క్వెరీకి మాత్రం ప్రిపేర్డ్ స్టేట్‌మెంటే (విలువను క్వెరీలో కలిపేయకుండా విడిగా పంపే పద్ధతి) వాడండి.