పాపకు సన్‌స్క్రీన్ కొనే ముందు ట్యూబు తిప్పి చూడండి

మా పాపకు పదకొండేళ్లు. పొద్దున్నే ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండుకు పరుగు ప్రాక్టీసుకు తీసుకెళ్తాను. మార్చి దాటిందంటే తిరుపతి ఎండ ఎనిమిదింటికే చుర్రుమంటుంది. సన్‌స్క్రీన్ మానేయమని నేను చెప్పను. ఏది కొనాలన్నదే నా బాధ.

ఈ వయసులో రొమ్ములోని పాలనాళాలు ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ చెప్పినట్టు పొడుగై, చెట్టులా కొమ్మలు వేస్తాయి. గర్భం వచ్చినప్పుడు, పాలిచ్చేటప్పుడు అవి మళ్లీ మారతాయి. సన్‌స్క్రీన్లలో వాడే ఆక్సీబెంజోన్ అనే రసాయనానికి కాస్త ఈస్ట్రోజెన్ పోలిక ఉందని ల్యాబు పరీక్షల్లో కనిపించింది. 2018లో అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీ వాళ్లు గర్భంతో ఉన్న, పాలిస్తున్న ఎలుకలకు దాన్ని ఇచ్చి చూశారు. పిల్లలు పాలు మానిన కొన్ని వారాల తర్వాత కూడా తల్లుల పాలగ్రంథుల్లో తేడా ఉంది. ఎలుకలో జరిగింది మనిషిలోనూ జరుగుతుందని దీనర్థం కాదు. అయితే ఒంటికి రాసుకున్న ఈ రసాయనం రక్తంలోకి చేరుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మనుషుల మీదే కొలిచి 2019, 2020లలో బయటపెట్టింది. పాప ఒళ్లు ఎదుగుతున్న ఈ నాలుగైదేళ్లు నేనైతే దాన్ని రానివ్వను.

షాపులో ట్యూబు వెనక్కి తిప్పండి. అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి. ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసుకోండి. ఆక్సీబెంజోన్ అక్కడ బెంజోఫినోన్-3 అనే పేరుతో కూడా ఉంటుంది. నేను మొదటిసారి అక్కడే మోసపోయాను. ముందువైపు 'పిల్లలకు' అని రాసుంది కదా అని రెండు నెలలు రాశాను. వెనక చూస్తే అదే పేరు.

జింక్ ఆక్సైడ్ గానీ టైటానియం డయాక్సైడ్ గానీ ఉన్నది తీసుకోండి. కానీ వాటితో పాటు పై రసాయనం కూడా కలిపి ఉండొచ్చు. పట్టిక చివరి దాకా చదవండి. స్ప్రేలు వద్దు, తుంపర ఊపిరిలోకి పోతుంది.

జింక్ మన ఛాయకు తెల్లగా కనిపిస్తుంది. మా పాప అద్దంలో చూసుకుని 'విభూతి పూసినట్టుందమ్మా' అని మొహం ముడుచుకుంది. అప్పటి నుంచి చూపుడువేలు, మధ్యవేలు పొడవున క్రీముతో గీత తీసి, నుదురు, బుగ్గలు, గడ్డం, మెడ మీద చుక్కలు పెట్టి, ఒక్కో చోటా మెల్లగా తడుతూ అద్దుతున్నాను. రుద్దితే చారలొస్తాయి. చెమట పడితే, లేదా రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి.

మోచేతి దాకా పలుచటి కాటన్ చొక్కా, టోపీ ఉంటే క్రీము రాయాల్సిన చోటే తగ్గుతుంది. ప్రాక్టీసు ఎండ ముదరకముందే ముగించమని కోచ్‌ని అడిగాను. ఆరుకు మొదలుపెట్టి ఏడున్నరకు వదిలేస్తున్నారు.

చిత్తూరులో ఉన్న మా చెల్లెలికి ఏడో నెల. పోయిన ఆదివారం ఇప్పుడు పాపకు రాస్తున్న జింక్ ట్యూబు లాంటిదే ఒకటి, టోపీ ఒకటి తీసుకెళ్లి ఇచ్చొచ్చాను.