కౌలాలంపూర్‌లో ఒక రాత్రి ఆగాల్సి వస్తే: తక్కువ ఖర్చులో ఎక్కడ పడుకోవాలి

మా అబ్బాయి ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఉంటాడు. అనకాపల్లి నుంచి వాడి దగ్గరికి వెళ్లి రావడానికి నాకు అందుబాటు ధరలో దొరికేవి ఎక్కువగా కౌలాలంపూర్ మీదుగా వెళ్లే టికెట్లే. 2024లో విశాఖ నుంచి కౌలాలంపూర్‌కి ఎయిర్ ఏషియా నేరుగా విమానం మొదలుపెట్టాక మా చుట్టాల్లో కూడా చాలామంది ఈ దారే పట్టారు. రెండు విమానాల మధ్య చిక్కుకుపోయిన ఆ రాత్రి ఎక్కడ ఉండాలని ఎవరో ఒకరు ఫోన్ చేసి అడుగుతూనే ఉంటారు. వాళ్లలో పిల్లల దగ్గరికి మొదటిసారి ఒంటరిగా బయలుదేరే అమ్మలే ఎక్కువ. వాళ్లకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

గది అద్దెలు చూడడంతో మొదలుపెట్టకండి. మీకు పడుకోవడానికి నిజంగా ఎన్ని గంటలు మిగులుతాయో ముందు కాగితం మీద రాసుకోండి. విమానాశ్రయం ఊరికి 50 కిలోమీటర్లకు పైగా దూరంలో, సెపాంగ్‌లో ఉంది. ఊళ్లో చవకగా దొరికిన గది ఆ దూరం వల్లే ఖరీదైపోతుంది.

ఉదాహరణకి రాత్రి 11కి దిగి, మర్నాడు ఉదయం 8కి మళ్లీ విమానం ఎక్కాలనుకోండి. చూడ్డానికి తొమ్మిది గంటలు. ఇమ్మిగ్రేషన్ లైన్, బ్యాగులు కలిపి బయటపడేసరికి పన్నెండుంపావు. బస్సు కోసం ఆగి, గంట ప్రయాణం చేసి, హోటల్ వెతుక్కుని తలుపు తీసేసరికి ఒకటిన్నర దాటుతుంది. 8 గంటల విమానానికి ఐదున్నరకల్లా కౌంటర్ దగ్గర ఉండాలి. అంటే నాలుగుంపావుకి బండెక్కాలి, మూడున్నరకి లేవాలి. రెండు గంటల నిద్ర. దానికి గది అద్దె, రానుపోను ఛార్జీలు, అర్ధరాత్రి వీధుల్లో పెట్టె లాగుకుంటూ టెన్షన్. ఇలాంటి రాత్రికి ఊళ్లోకి వెళ్లనే వద్దు.

నా లెక్క ఇది. దిగిన టైముకీ ఎక్కే టైముకీ మధ్య పది గంటల లోపు ఉంటే విమానాశ్రయంలోనే ఉండండి. పదిహేను దాటితే ఊళ్లోకి వెళ్లండి. మధ్యలో ఉంటే మీ సామాను, మీ మోకాళ్లు చూసుకుని నిర్ణయించుకోండి. టికెట్ మీద ఉండేది అక్కడి టైమే, మన కంటే రెండున్నర గంటలు ముందు. పెర్త్‌కీ కౌలాలంపూర్‌కీ మాత్రం టైములో తేడా లేదు.

మన ఊళ్ల నుంచి బయలుదేరే విమానాలు చాలావరకు రాత్రి ఎక్కించుకుని తెల్లవారుజామునో పొద్దున్నో అక్కడ దింపుతాయి. అంటే వెళ్లేటప్పుడు మీకు కావలసింది నాలుగైదు గంటలు నడుం వాల్చే చోటు. అసలు రాత్రి ఆగాల్సి వచ్చేది తిరుగు ప్రయాణంలో. ఆస్ట్రేలియా నుంచి రాత్రి దిగుతాం, ఇండియా విమానమేమో మర్నాడు సాయంత్రమో రాత్రో ఉంటుంది. ఈ రెండింటికీ ఒకే ఏర్పాటు పనికిరాదు.

బుక్ చేసే ముందు చూసుకోవలసినవి

రెండు విమానాలూ ఒకే బుకింగ్ మీద ఉన్నాయా, విడివిడిగా కొన్నారా? ఒకే బుకింగ్ అయి, బ్యాగులకి చివరి ఊరి ట్యాగ్ వేసి, రెండో బోర్డింగ్ పాస్ కూడా చేతికిస్తే ఇమ్మిగ్రేషన్ దాటకుండా లోపలే ఉండిపోవచ్చు. విడివిడి టికెట్లయితే బయటికి రావాలి, బ్యాగులు తీసుకోవాలి, మళ్లీ కౌంటర్‌లో ఇవ్వాలి. చవక టికెట్లు చాలావరకు ఇలాంటివే. ఎయిర్ ఏషియాలో అంతర్జాతీయ విమానాలకు బ్యాగుల కౌంటర్ గంట ముందే మూసేస్తారు. అక్కడ బతిమాలితే తెరుస్తారని అనుకోవద్దు.

బయటికి రావాలంటే భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి 2026 డిసెంబర్ ఆఖరు వరకు 30 రోజుల లోపు ఉండడానికి వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టుకి కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. దాంతోపాటు ఎండీఏసీ అనే డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. దిగే రోజుకి మూడు రోజుల లోపే నింపాలి, ముందుగా కుదరదు. మలేషియా ఇమ్మిగ్రేషన్ వాళ్ల సైట్‌లో ఇది పూర్తిగా ఉచితం. గూగుల్‌లో వెతికితే డబ్బులడిగే సైట్లు పైన కనిపిస్తాయి, వాటికి కార్డు నంబరు ఇవ్వకండి. మలేషియాలో ఎక్కడ ఉంటారో అడ్రస్ కూడా అందులో అడుగుతారు. అందుకని గది ముందు బుక్ చేసుకుని, తర్వాత ఫారం నింపండి.

ఇక టర్మినల్. మలేషియా ఎయిర్‌లైన్స్ టర్మినల్ 1 లో, ఎయిర్ ఏషియా టర్మినల్ 2 లో. పాత బోర్డుల్లో, మ్యాపుల్లో ఇవే కేఎల్ఐఏ, కేఎల్ఐఏ2 అని కనిపిస్తాయి. రెండింటి మధ్య నడిచి వెళ్లలేరు. రైలుంది, రెండు రింగిట్లు, నాలుగు నిమిషాల్లోపు ప్రయాణం. రింగిట్ అంటే 20 రూపాయల పైమాటే.

విమానాశ్రయంలోనే పడుకోవడం

ఒంటరిగా వెళ్లేవాళ్లకి నేను ముందు చెప్పేది క్యాప్సూల్ ట్రాన్సిట్. ఇది గంటల లెక్కన పడక ఇచ్చే చోటు. మూడు గంటలు, ఆరు గంటలు, పన్నెండు గంటలు అని బుక్ చేసుకోవచ్చు. టర్మినల్ 2 లో బయటి వైపు, కింది అంతస్తులో, బస్సులు ఆగే చోటికి దగ్గర్లో ఉంటుంది. ఇమ్మిగ్రేషన్ దాటకుండా ఉండేవాళ్ల కోసం లోపలి వైపు కూడా ఒకటుంది. బుక్ చేసేటప్పుడు ఏది మీకు పనికొస్తుందో చూసుకోవాలి. బయటికి వచ్చేసినవాళ్లు లోపలిదానికి వెళ్లలేరు, లోపల ఉన్నవాళ్లు ఇమ్మిగ్రేషన్ దాటకుండా బయటిదానికి రాలేరు.

క్యాప్సూల్ అనగానే ఊపిరాడదేమో అని మా చెల్లెలు చాలా భయపడింది. రైల్లో బెర్తు కంటే వెడల్పుగా ఉంటుంది, లోపల కూర్చుంటే తల తగలదు. తలుపు బదులు కిందికి దించుకునే తెర. దుప్పటి, దిండు, లైటు, ఛార్జింగ్ పాయింటు ఉంటాయి. బాత్రూములు అందరికీ కలిపి, వేడినీళ్లు వస్తాయి. ఆడవాళ్లకి వేరే విభాగం ఉంది. బుక్ చేసేటప్పుడు అది ఎంచుకోకపోతే అందరూ కలిసి ఉండే వైపు ఇస్తారు, కాబట్టి ఆ గడి చూసి నొక్కండి. పడకలు పైన ఒకటి, కింద ఒకటిగా రెండు వరసల్లో ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు చెక్-ఇన్ దగ్గరే "లోయర్, ప్లీజ్" అనండి, ఖాళీ ఉంటే ఇస్తారు. పైదానికి నిచ్చెన ఎక్కాలి, రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడల్లా దిగాలి.

ఇక్కడ అసలు సుఖం ఏమిటంటే మీ గంటలు మీరు లోపలికి వెళ్లిన దగ్గర్నుంచే లెక్క. మామూలు హోటల్‌లో అలా కాదు. మీరు 15వ తేదీ తెల్లవారుజామున 4 గంటలకి దిగుతారనుకోండి. హోటల్‌లో 15కి బుక్ చేస్తే గది ఇచ్చేది ఆ రోజు మధ్యాహ్నం 2కో 3కో. తెల్లవారుజామునే గది కావాలంటే 14వ తేదీ రాత్రికి బుక్ చేసి, ఆలస్యంగా వస్తామని ముందే మెసేజ్ పెట్టాలి. లేకపోతే రాలేదనుకుని గది వేరేవాళ్లకి ఇచ్చేయవచ్చు. ఈ తేదీ సంగతి పదిమందిలో తొమ్మిదిమందికి తట్టదు. ఫోన్ చేసిన ప్రతివాళ్లకీ నేను ముందు అడిగేది ఇదే: "మీరు దిగేది ఏ తేదీ, బుక్ చేసింది ఏ తేదీ?"

ఇద్దరు కలిసి వెళ్తుంటే లెక్క మారుతుంది. రెండు క్యాప్సూళ్ల డబ్బుకి ఇంచుమించు ఒక గది వచ్చేస్తుంది. టర్మినల్ 2 నుంచి కప్పు ఉన్న నడకదారిలో వెళ్తే ట్యూన్ హోటల్ ఉంది. పెట్టెలు తోసుకుంటూ కొన్ని నిమిషాల్లో చేరిపోవచ్చు, టాక్సీ అక్కర్లేదు. గదులు చిన్నవే కానీ సొంత బాత్రూమ్ ఉంటుంది. భార్యాభర్తలకి, పెద్దవయసు వాళ్లకి, పిల్లలతో వెళ్లేవాళ్లకి నేను ఇదే చెబుతాను. లోపలే ఉండేవాళ్లకి సామా-సామా ఎక్స్‌ప్రెస్ అనే ట్రాన్సిట్ హోటల్ ఉంది, అది కాస్త ఖరీదే.

కుర్చీల్లో ఉచితంగా పడుకోవచ్చా అని కుర్రాళ్లు అడుగుతారు. పడుకోవచ్చు, మామూలుగా ఎవరూ లేపరు. కానీ ఏసీ చలికి శాలువా ఉండి తీరాలి, చాలా కుర్చీలకి చేతులు అడ్డం ఉంటాయి. మూడు గంటలకైతే సరే. బీపీ, షుగరు ఉన్నవాళ్లు రాత్రంతా అలా ఉండొద్దు. అక్కడ మిగిలే డబ్బు తర్వాత మందులకి పోతుంది.

ఊళ్లోకి వెళ్లేట్టయితే

తిరుగు ప్రయాణంలో మర్నాడు సాయంత్రం దాకా టైముంటే ఊళ్లోకే వెళ్లండి. మొదట చేరాల్సింది కేఎల్ సెంట్రల్ స్టేషన్. కేఎల్ఐఏ ఎక్స్‌ప్రెస్ రైలు టర్మినల్ 1 నుంచి 28 నిమిషాల్లో, టర్మినల్ 2 నుంచి 33 నిమిషాల్లో అక్కడికి చేరుస్తుంది. మనిషికి 55 రింగిట్లు. బస్సు అందులో మూడో వంతు కంటే తక్కువే, గంటకి పైగా పడుతుంది. రైలు అర్ధరాత్రి దాటిన కాసేపటికి ఆగిపోయి మళ్లీ పొద్దున 5కి మొదలవుతుంది. ముగ్గురు నలుగురు ఉంటే గ్రాబ్ కారు (మన ఓలా, ఊబర్ లాంటిది) లాభం. యాప్ ఇక్కడే ఫోన్‌లో వేసుకుని వెళ్లండి, టోల్ వేరుగా పడుతుంది.

లెక్క ఎలా వేయాలో చెబుతాను. ఊళ్లో 90 రింగిట్లకి గది దొరికిందనుకోండి. ఒక్కరే వెళ్తే రానుపోను రైలుకి 110, మొత్తం 200. పైగా విదేశీయుల దగ్గర గదికి రాత్రికి 10 రింగిట్ల టూరిజం ట్యాక్స్ తీసుకుంటారు. కాబట్టి 210. అదే బస్సులో అయితే ఆ గది దాదాపు 130లో తేలిపోతుంది. బ్యాగు చిన్నదైతే బస్సే ఎక్కండి. ఆ ట్యాక్స్‌ని కొన్నిచోట్ల బుకింగ్‌లోనే కలిపేస్తారు, కొన్నిచోట్ల కౌంటర్‌లో అడుగుతారు. అడిగితే మోసం అనుకోవద్దు. గది తాళానికి డిపాజిట్ కూడా అడగొచ్చు, రసీదు తీసుకుని ఖాళీ చేసేటప్పుడు వెనక్కి తీసుకోండి.

గది ఎక్కడ? నన్నడిగితే బ్రిక్‌ఫీల్డ్స్. కేఎల్ సెంట్రల్ నుంచి నడిచి వెళ్లే దూరం. తున్ సంబంతన్ రోడ్డు పొడుగునా చీరల కొట్లు, పూలదండలు, అరిటాకు భోజనాల హోటళ్లు. ఎక్కువగా వినిపించేది తమిళం. తెలుగు మలేషియావాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల తాతముత్తాతలు బ్రిటిష్‌వాళ్ల కాలంలో పేరాక్ వైపు తోటల్లో పనికి వెళ్లినవాళ్లు. శాకాహారులకి ఇంతకంటే నిశ్చింతైన పేట ఇంకోటి లేదు. అన్నం, సాంబారు, రెండు కూరలు, అప్పడం ఆకులో వేస్తారు. వారం పది రోజులు కొడుకు ఇంట్లో బ్రెడ్డు తిని వచ్చినవాళ్లకి ఆ ముద్ద ఎంత హాయో నేను వేరే చెప్పక్కర్లేదు. రాత్రి ఆలస్యమైతే మామక్ హోటళ్లు, అంటే తమిళ ముస్లింలు నడిపేవి, తెరిచి ఉంటాయి. రోటీ చనాయ్, తే తారిక్ చెప్పుకుంటే చాలు, అంటే మన పరోటా, పైనుంచి పోసి నురగ తెప్పించిన టీ.

కుర్రాళ్లకి, ఒక్క పడక చాలనుకునేవాళ్లకి చైనాటౌన్ చవక. కేఎల్ సెంట్రల్ నుంచి ఎల్ఆర్‌టీ అనే సిటీ రైల్లో ఒక్క స్టేషన్, దిగేది పసార్ సెని. పెటాలింగ్ స్ట్రీట్ చుట్టుపక్కల డార్మిటరీలు బోలెడు. బుకిత్ బింతాంగ్ అనే పేట రాత్రంతా సందడిగా ఉంటుంది, నిద్ర కోసం వెళ్లేవాళ్లకి అది వద్దు.

బుకింగ్ సైట్‌లో ఫొటోల కంటే ముందు రెండు విషయాలు చూడండి. ఒకటి, గదికి కిటికీ ఉందా. ఈ ఊళ్లో చవక గదులు చాలావాటికి కిటికీ ఉండదు, వివరాల్లో చిన్న అక్షరాల్లో "నో విండో" అని రాస్తారు. ఒక్క రాత్రికి నాకైతే పర్వాలేదు, కొందరికి పడదు. రెండోది ఇంకా ముఖ్యం: 24 గంటల రిసెప్షన్ ఉందా. ఒకసారి నేను అర్ధరాత్రి దాటాక ఒక చిన్న లాడ్జికి చేరితే కింద షట్టర్ వేసి ఉంది. తలుపు కోడ్ ఈమెయిల్‌లో పంపామన్నారు, ఆ ఈమెయిల్ నాకు రానే లేదు. బయటికి వెళ్లి తిరిగొచ్చిన ఇంకో ప్రయాణికురాలు తలుపు తీసేదాకా మెట్ల మీదే కూర్చున్నాను. అప్పటినుంచి 24 గంటల రిసెప్షన్ అని రాసి ఉన్నా సరే, బయలుదేరే ముందు రోజు దిగే టైము చెప్పి మెసేజ్ పెట్టి, జవాబు వచ్చాకే విమానం ఎక్కుతాను. రివ్యూల్లో కూడా "లేట్", "మిడ్‌నైట్" అనే మాటలు వెతికి చదవండి. అందం గురించి రాసినవాటికంటే అవి పనికొస్తాయి.

పెద్ద పెట్టెలు ఊళ్లోకి లాక్కెళ్లకండి. రెండు టర్మినళ్లలోనూ సామాను దాచే కౌంటర్లు ఉన్నాయి, సైజుని బట్టి డబ్బులు. ఒక జత బట్టలు, మందులు, పాస్‌పోర్టు, ఛార్జరు చేతిసంచిలో పెట్టుకుని వెళ్లండి. అక్కడి ప్లగ్ లావుపాటి మూడు పలక పిన్నులది, మన గుండ్రటి పిన్ను పట్టదు. అడాప్టర్ ఇంటి దగ్గరే కొనుక్కోండి.

పొద్దున గది ఖాళీ చేశాక కూడా రిసెప్షన్‌లో సంచి పెట్టనిస్తారు. టైముంటే కేఎల్ సెంట్రల్ నుంచి కొముటర్ రైల్లో బతు కేవ్స్ వెళ్లి సుబ్రహ్మణ్యస్వామి దర్శనం చేసుకోవచ్చు, 272 మెట్లు. ఎండెక్కకముందే వెళ్లండి. తిరుగు విమానానికి నాలుగున్నర గంటలు ఉండగా ఊళ్లోంచి బయలుదేరండి. సాయంత్రం బస్సయితే ట్రాఫిక్‌కి ఇంకో గంట కలపండి. టర్మినల్ 2 లో భద్రతా తనిఖీ అయ్యాక కూడా కొన్ని గేట్లకి వంతెన మీదుగా చాలా దూరం నడవాలి. నడవలేని పెద్దవాళ్లుంటే వీల్‌చెయిర్ టికెట్ కొన్నప్పుడే అడిగి రాయించుకోండి.