చిన్న విమానంలో ఆక్సిజన్: సెట్టు ఎంపిక, సిలిండర్ నింపే పద్ధతి

కొలరాడోలో రాకీ పర్వతాలు దాటాలంటే సెస్నా 182 లాంటి చిన్న విమానమైనా 12,500, 13,500 అడుగులకు ఎక్కక తప్పదు. లెడ్‌విల్ రన్‌వేనే 9,934 అడుగుల ఎత్తున ఉంది. అమెరికా నిబంధనల ప్రకారం 12,500 దాటి 14,000 అడుగుల దాకా, అరగంట మించి ఎగిరితే ఆపైన పైలట్ ఆక్సిజన్ పెట్టుకోవాలి. 14,000 దాటితే అక్కడున్నంతసేపూ వాడాలి, 15,000 దాటితే ప్రయాణికులకూ ఇవ్వాలి. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ సలహా మాత్రం ఇంకా కిందనుంచే మొదలవుతుంది: పగలు 10,000, రాత్రి 5,000. వేలికి పల్స్ ఆక్సీమీటర్ తగిలించి, అంకె 90 కిందకు జారకుండా చూసుకుంటే చాలావరకు నిశ్చింత.

విడి సెట్టులో సిలిండర్, రెగ్యులేటర్, మనిషికొక ఫ్లో మీటర్, కాన్యులా (ముక్కులో పెట్టుకునే సన్న గొట్టం) ఉంటాయి. డి సైజు అల్యూమినియం సిలిండర్ 2,015 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దగ్గర సుమారు 425 లీటర్ల గ్యాస్ ఇస్తుంది. మామూలు కాన్యులాకు ప్రతి 10,000 అడుగులకూ నిమిషానికి ఒక లీటరు చొప్పున లెక్క వేయండి. 15,000 అడుగుల్లో ఇద్దరికి నిమిషానికి 3 లీటర్లు, అంటే 140 నిమిషాలు. అందులోంచి కొంత అత్యవసరానికి తీసేయండి. ముక్కు దగ్గర చిన్న నిల్వ సంచి ఉన్న కాన్యులా గానీ, ఊపిరి పీల్చినప్పుడే గ్యాస్ వదిలే పల్స్ డిమాండ్ పరికరం గానీ కొంటే అదే సిలిండర్ చాలా ఎక్కువసేపు వస్తుంది. తరచూ ఎగిరేవాళ్లు పెద్ద సిలిండర్‌కు పెట్టే డబ్బు దీనికి పెట్టడం మేలు. కాన్యులా 18,000 అడుగుల వరకే. అంతకు మించితే మాస్కు.

సిలిండర్‌ను సీటు వెనక పట్టీలతో గట్టిగా కట్టండి. గాలి కుదుపుల్లో అది ఎగిరొచ్చి తగిలితే మామూలు దెబ్బ కాదు. వాల్వ్ చేతికి అందాలి, గేజ్ కంటికి కనబడాలి.

ఇక పెద్ద సిలిండర్ నుంచి గొట్టంతో చిన్నదాన్ని నింపడం. ముందు చేతులు కడుక్కోండి. తలనూనె, చేతి క్రీము, పెదాలకు రాసిన వాజెలిన్ ఏదీ వాల్వ్ దరిదాపుల్లోకి రాకూడదు. ఎక్కువ ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌లో జిడ్డుకు ఇట్టే మంట అంటుకుంటుంది. పెద్ద సిలిండర్ల మీద ఉండే సీజీఏ-540 అనే రకం జాయింట్‌లో లోహం లోహానికి ఆనుకుని సీలవుతుంది, టెఫ్లాన్ టేపు చుట్టొద్దు. చిన్న సిలిండర్ల మీద ఉండే, యోక్ (బిగింపు చట్రం)తో బిగించే 870 రకం వాల్వ్‌కు వాషర్ ఒకటే ఉండాలి. పాతది అతుక్కుపోయి ఉందని చూడకుండా దానిమీద కొత్తది వేసి, లీకెక్కడో తెలియక తల పట్టుకోవడం తరచూ జరిగేదే.

చిన్న సిలిండర్ మీద చెక్కిన పరీక్ష తేదీ చూడండి. 3ఏఏ (ఉక్కు), 3ఏఎల్ (అల్యూమినియం) రకాలకు హైడ్రో పరీక్ష, అంటే నీటి ఒత్తిడితో చేసే పరీక్ష, ఐదేళ్లకోసారి. విమానాల్లో స్థిరంగా బిగించే తేలికపాటి 3హెచ్‌టీ రకానికి మూడేళ్లకోసారి, ఆయుష్షు 24 ఏళ్లు. గడువు దాటితే నింపకూడదు.

పెద్ద సిలిండర్లు రెండు మూడు గోడకు గొలుసులతో కట్టి పెట్టుకుంటారు. కిటుకంతా వాటిని వాడే వరుసలో ఉంది. ఎప్పుడూ తక్కువ ఒత్తిడి ఉన్నదానితో మొదలెట్టాలి. మీ డి సిలిండర్‌లో 500 పీఎస్ఐ మిగిలిందనుకోండి. 49 లీటర్ల ఘనపరిమాణం ఉన్న, 1,500కు పడిపోయిన పెద్ద సిలిండర్‌కు కలిపితే రెండూ 1,440 దగ్గర సమమవుతాయి. అప్పుడు దాన్ని మూసి, 2,200 ఉన్న నిండు సిలిండర్ తెరిస్తే పైభాగం మాత్రమే దాన్నుంచి వస్తుంది. 2,015 చూపగానే ఆపండి. మొదటినుంచీ నిండుదానితోనే నింపితే పని అవుతుంది గానీ, దాని ఒత్తిడి త్వరగా పడిపోతుంది, సగం ఖాళీ అయిన సిలిండర్లు దండగగా మూలనుంటాయి.

వాల్వ్ మెల్లగా తిప్పాలి, నిమిషానికి 200 పీఎస్ఐ మించకుండా. ఒక్కసారిగా తెరిస్తే గ్యాస్ మూసి ఉన్న కొసకు దూసుకుపోయి నొక్కుకుని, అక్కడి ఉష్ణోగ్రత వందల డిగ్రీలకు లేస్తుంది. వాల్వ్‌లోని ప్లాస్టిక్ సీటు రాజుకోవచ్చు. పావు తిప్పుకే పూర్తిగా తెరుచుకునే బాల్ వాల్వ్‌ను ఈ లైన్లో పెట్టకపోవడానికి కారణం ఇదే, కొద్దికొద్దిగా తెరుచుకునే నీడిల్ వాల్వే వాడాలి. తొందరపడితే ఇంకో నష్టం: 45 డిగ్రీల వేడితో 1,800 చూపిన సిలిండర్ 21 డిగ్రీలకు చల్లారాక 1,660 చూపిస్తుంది. లీకని కంగారుపడకండి, చల్లారాక మళ్లీ కొంచెం నింపండి.

నింపాక రెండు వాల్వ్‌లూ మూసి, గొట్టంలో మిగిలిన ఒత్తిడిని బ్లీడ్ వాల్వ్‌తో వదిలాకే నట్టు విప్పండి. లీకు పరీక్షకు ఆక్సిజన్ కోసం తయారైన ద్రవమే వాడండి, వంటింటి సబ్బునీళ్లు వద్దు. బుడగలు కనిపిస్తే ఒత్తిడి వదిలి బిగించాలి, ఒత్తిడి ఉండగా రెంచి పెట్టొద్దు.

విమాన ఆక్సిజన్‌కు 99.5 శాతం స్వచ్ఛతతో పాటు తేమ పరిమితి కూడా ఉంది. తేమ ఉంటే పైన చలికి రెగ్యులేటర్‌లో గడ్డకట్టి దారి మూసేస్తుంది. సిలిండర్‌ను పూర్తిగా ఖాళీ చేయకుండా 50 పీఎస్ఐ అయినా మిగల్చమనేది అందుకే: లోపల ఒత్తిడి లేకపోతే బయటి తేమగాలి చొరబడుతుంది.

భారత్‌లో ఉన్నవాళ్లు ఇది ఇంట్లో చేయకూడదు. గ్యాస్ సిలిండర్ల నియమాలు 2016 ప్రకారం నింపడానికి లైసెన్సు కావాలి. లైసెన్సున్న ఫిల్లింగ్ ప్లాంటుకే ఇచ్చి నింపించుకోండి.