అరకు, పాపికొండలు టూర్ బుకింగ్: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

ఈ రెండు యాత్రల్లోనూ ఇబ్బంది ఎక్కువగా ఒక్కచోటే మొదలవుతుంది. ముందు సెలవు పెట్టి హోటల్ గది తీసుకుంటారు, ఆ తర్వాత తీరిగ్గా రైలు, బోటు సంగతి చూస్తారు. గదులు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. అరకు రైల్లో విస్టాడోమ్ అనే అద్దాల బోగీకి ఉండేవి మాత్రం నలభై చిల్లర సీట్లు. పాపికొండల బోటు గోదావరి మట్టాన్ని బట్టి నడుస్తుంది. అందుకే సీటు, బోటు ఖాయమయ్యాకే గది డబ్బు కట్టండి. ఈ క్రమం పాటించినా కొన్ని తిప్పలు తప్పవు. అవి ఎందుకు వస్తాయో, వస్తే ఏం చేయాలో చూద్దాం.

విస్టాడోమ్‌లో సీటు దొరకడం లేదు

కారణం: విశాఖ - కిరండూల్ ప్యాసింజర్‌కు ఈ బోగీ 2017లో వచ్చింది. అప్పటి నుంచీ అక్టోబరు - జనవరి మధ్య దీనికి గిరాకీ ఎక్కువ. రైల్వే రిజర్వేషన్ గడువు 2024 నవంబరు 1 నుంచి 120 రోజుల బదులు 60 రోజులే. ప్రయాణం రోజును ఇందులో లెక్కపెట్టరు. పాత లెక్కలో ఉన్నవాళ్లు ముందే వెతికి, సీట్లు కనబడక, బోగీ తీసేశారనుకుంటారు. ఆలస్యంగా చూసేవాళ్లకు వెయిటింగ్ లిస్టే మిగులుతుంది.

ఏం చేయాలి: తేదీ లెక్క ముందే వేసుకోండి. డిసెంబరు 25 ప్రయాణానికి అక్టోబరు 26న, జనవరి 14 ప్రయాణానికి నవంబరు 15న, ఉదయం 8 గంటలకు రైల్వే టికెట్ల సైటు ఐఆర్‌సీటీసీలో బుకింగ్ తెరుచుకుంటుంది. తెరిచిన వేళ ఆధార్ ధ్రువీకరణ అయిన ఖాతాలకే అవకాశం కాబట్టి, ఆ పని కనీసం వారం ముందు ముగించండి. ప్రయాణికుల పేర్లు, వయసులు మీ ఖాతాలోని మాస్టర్ లిస్టులో ముందే ఎక్కించి ఉంచండి. ఉదయం 8 గంటలకు పేర్లు కొట్టడం మొదలుపెడితే ఈలోగా సీట్లు అయిపోతాయి.

వెతికేటప్పుడు స్లీపర్ అనో త్రీ ఏసీ అనో ఎంచుకుంటే అద్దాల బోగీ కనిపించదు. అన్ని తరగతులూ చూపించమని పెట్టండి. బొర్రా గుహల స్టేషన్‌లో దిగాలనుకునేవాళ్లు అక్కడిదాకా సీటు లేదని ఆగిపోవద్దు, అరకు వరకూ చూడండి. అరకు టికెట్ మీద ముందే దిగిపోవచ్చు, మిగిలిన దూరానికి డబ్బు మాత్రం తిరిగి రాదు. బొర్రాలో రైలు ఎక్కువసేపు ఆగదు. చిమిడిపల్లి స్టేషన్ దాటగానే సామాను తలుపు దగ్గరికి చేర్చుకోండి.

శని, ఆదివారాలు వదిలి మంగళ, బుధవారాలు చూస్తే అవకాశం మెరుగు. ఏ రోజూ దొరకకపోయినా కుంగిపోనక్కర్లేదు. అదే రైలు మామూలు బోగీ కిటికీ దగ్గర కూర్చున్నా అవే కొండలు, అవే సొరంగాలు, అదే చల్లగాలి. పిల్లలతో వెళ్లేవాళ్లకు తెరిచే కిటికీ ఒక రకంగా నయం కూడా, కాకపోతే చేతులు, తల బయట పెట్టనివ్వకండి.

తిరుగు ప్రయాణానికి అద్దాల బోగీ కోసం తంటాలు పడొద్దు. శీతాకాలంలో సాయంత్రం అయిదున్నరకే చీకటి పడుతుంది, ఘాట్‌లో సగం కనబడదు. వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు ఎస్.కోట (శృంగవరపుకోట) మీదుగా రోడ్డు పెట్టుకుంటే అనంతగిరి కాఫీ తోటలు, గాలికొండ వ్యూ పాయింటు దారిలోనే చూడొచ్చు.

వెయిటింగ్ లిస్టు కదలడం లేదు

ఇది కూర్చునే బోగీ కనుక స్లీపర్‌లో దొరికినట్టు ఆర్‌ఏసీ (బెర్తు బదులు సగం సీటు) ఆశ ఉండదు. సీటు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టే. రైలు పొద్దున్నే ఏడింటిలోపు బయల్దేరుతుంది కాబట్టి ఎవరికి సీటు వచ్చిందో చెప్పే చార్టు ముందురోజు రాత్రే తయారవుతుంది. ఆన్‌లైన్ టికెట్‌లో ఒక్కరికీ సీటు రాకపోతే అది దానంతటదే రద్దయి డబ్బు ఖాతాకు వస్తుంది. దాన్ని పట్టుకుని రైలెక్కితే టికెట్ లేనట్టే లెక్క. రాత్రి చార్టు చూసుకుని, పొద్దున ద్వారకా బస్‌స్టేషన్ నుంచి అరకు బస్సు ఎక్కే ఏర్పాటు మనసులో ఉంచుకోండి. రోడ్డున 115 కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఘాట్ ఉంది కాబట్టి మూడు గంటలకు తక్కువ పట్టదు.

వచ్చేవారిలో ఒకరు మారితే, కన్ఫర్మ్ టికెట్‌ను కుటుంబ సభ్యుల పేరుకు మార్చుకోవచ్చు. రైలు బయల్దేరడానికి 24 గంటల ముందే బంధుత్వం రుజువుతో రిజర్వేషన్ కౌంటర్‌కు వెళ్లాలి. స్నేహితుడి పేరుకు ఈ పద్ధతిలో మార్చరు.

డబ్బు కట్ అయింది, టికెట్ రాలేదు

బ్యాంకు నుంచి డబ్బు వెళ్లినా బుకింగ్ సైటుకు కబురు అందకపోతే ఇలా అవుతుంది. వెంటనే మళ్లీ కట్టకండి. ముందు బుకింగ్ చరిత్రలో పీఎన్‌ఆర్ (టికెట్ నంబరు) వచ్చిందేమో చూడండి. చాలామంది ఇక్కడే తొందరపడి రెండు టికెట్లు కొని, ఒకటి రద్దు చేసి, కోత పెట్టించుకుంటారు. పీఎన్‌ఆర్ లేకపోతే యూపీఐ లావాదేవీ సంఖ్య రాసుకోండి. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు నిబంధనల ప్రకారం, వ్యాపారికి కట్టిన యూపీఐ సొమ్ము ఇలా మధ్యలో నిలిచిపోతే లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లో వెనక్కి రావాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఆ గడువు దాటాక ఫిర్యాదులో ఈ నిబంధన పేర్కొనండి.

ప్యాకేజీలో అద్దాల బోగీ అన్నారు, మామూలు బోగీ ఎక్కించారు

రైలు - రోడ్డు ప్యాకేజీ అన్న మాటలో ఏ బోగీ అన్నది ఉండదు. ఫొటో ఒకటి చూపిస్తారు, టికెట్ ఇంకొకటి ఉంటుంది. డబ్బు కట్టే ముందు తరగతి పేరు, బొర్రా గుహల ప్రవేశ రుసుము, భోజనం, గిరిజనుల థింసా నృత్యం కలిపారో లేదో వాట్సాప్‌లో రాయించుకోండి. పీఎన్‌ఆర్ ఎప్పుడిస్తారో అడగండి. అది చేతికొచ్చాక తరగతి, సీటు స్థితి మీరే సరిచూసుకోవచ్చు.

ఒక్కరోజులో సగం కూడా చూడలేకపోయారు

అరకు, వంజంగి, లంబసింగి మూడూ ఒకే జిల్లాలో ఉన్నాయని ఒకే రోజుకు కుదించడమే దీనికి మూలం. వంజంగి పాడేరు దగ్గర. అక్కడ మేఘాలు చూడాలంటే తెల్లవారకముందే కొండెక్కాలి, కనుక ముందురోజు రాత్రి బస పాడేరు వైపు ఉండాలి. అరకు నుంచి లంబసింగి పాడేరు మీదుగా 90 కిలోమీటర్లకు అటూఇటుగా ఉంటుంది, అదంతా కొండదారి. రైలు దిగేసరికే పదకొండు కావస్తుంది, బొర్రా గుహలు సాయంత్రం అయిదింటికల్లా మూసేస్తారు. ఒక్కరోజే ఉంటే గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట, బొర్రా పెట్టుకోండి, చాలు. వంజంగి కావాలంటే ఇంకో రాత్రి కలపాల్సిందే.

వానాకాలంలో ఈ రైలు మార్గంలో కొండచరియలు విరిగిపడుతుంటాయి. రైలు పూర్తిగా రద్దయితే ఆన్‌లైన్ టికెట్ డబ్బు దానంతటదే వస్తుంది. దారిలో నిలిపేస్తే మాత్రం మీరే ఐఆర్‌సీటీసీలో టీడీఆర్ (డబ్బు వాపసు కోరే దరఖాస్తు) దాఖలు చేయాలి, గడువు దాటనివ్వకండి.

పాపికొండల బోటు ఆపేశారు

ఇది బుకింగ్ తప్పు కాదు, తేదీ ఎంపికలో తప్పు. జులై నుంచి అక్టోబరు దాకా గోదావరికి వరద కాలం. నీరు పెరిగితే అధికారులు బోట్లు ఆపేస్తారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయింది వరద నీటిలోనే. కాబట్టి ఆపేశారంటే నిర్వాహకులతో వాదించకండి. ఎవరైనా చాటుగా తీసుకెళ్తామంటే ఎక్కకండి. లైఫ్ జాకెట్ బిగించుకోకుండా ఉండకండి, ఎండగా ఉందన్నా సరే.

నవంబరు తర్వాతి తేదీలు మేలు. వరద కాలంలోనే వెళ్లక తప్పకపోతే మూడు రోజుల ముందు నుంచి భద్రాచలం నీటిమట్టం వార్తల్లో చూడండి. అక్కడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. బోట్లు ఆపడానికి మొదటి హెచ్చరిక దాకా ఆగుతారనుకోవద్దు. మట్టం రోజురోజుకూ పెరుగుతుంటే గది రద్దు గడువు దాటకముందే తేదీ మార్చుకోండి. ఎగువన కురిసిన వాన నీరు కిందికి రావడానికి సమయం పడుతుంది. అందుకే మీ ఊళ్లో ఎండ కాస్తోందన్నది లెక్కలోకి రాదు.

డబ్బు కట్టే ముందు ఈ ఒక్క ప్రశ్నకు రాతలో జవాబు తీసుకోండి: నీటిమట్టం వల్ల బోటు ఆగితే పూర్తి సొమ్ము ఇస్తారా, ఇంకో తేదీ ఇస్తారా? ఇంకో తేదీ అంటే అది ఎన్ని నెలలు చెల్లుతుందో కూడా రాయించుకోండి.

ఎక్కాల్సిన రేవు ఒకటి, బస ఇంకొకటి

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు ఎక్కువగా ఇక్కడే చిక్కుకుంటారు. రాజమహేంద్రవరం వైపు నుంచి అయితే గండిపోచమ్మ గుడి దగ్గర బోటు ఎక్కాలి. భద్రాచలం వైపు నుంచి అయితే కూనవరం మీదుగా పోచవరం చేరాలి. రెండు వైపుల బోట్లూ పేరంటాలపల్లి దాకా వెళ్లినా, ఒక్కరోజు యాత్రలో ఎక్కినచోటికే తిరిగొస్తాయి. భద్రాచలంలో రాముణ్ణి దర్శించుకుని రాజమహేంద్రవరంలో దిగుదామనుకుంటే ముందే అడిగి తేల్చుకోండి. టికెట్ మీద రేవు పేరు, అక్కడికి బస్సు వాళ్లదేనా, ఉదయం ఎన్నింటికి ఎక్కడ నిలబడాలి అన్నవి లేకపోతే అది పూర్తి బుకింగ్ కాదు. ప్రయాణికుల జాబితా రాసుకుంటారు కాబట్టి పిల్లలతో సహా అందరి ఆధార్ దగ్గర పెట్టుకోండి.

అడ్వాన్స్ తీసుకున్న నంబరు పలకడం లేదు

వెతికితే పైన కనబడిన నంబరుకు ఫోన్ చేసి, వ్యక్తిగత క్యూఆర్‌కు డబ్బు పంపినప్పుడు ఇలా జరుగుతుంది. పర్యాటక శాఖ పేరు చెప్పే సైటు చిరునామా చివర గవ్.ఇన్ (gov.in) ఉందో లేదో చూడండి. రీఫండ్ ఇస్తాం, పిన్ కొట్టండి అంటే మోసమే, డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. మోసపోయారని తెలిసిన క్షణమే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోన్ చేయండి. సొమ్ము ఇంకో ఖాతాకు దాటకముందే నిలిపే వీలు మొదటి గంటల్లోనే ఎక్కువ. లావాదేవీ సంఖ్య, అవతలివాళ్ల యూపీఐ ఐడీ, చాట్ స్క్రీన్‌షాట్లు చేతిలో పెట్టుకుని ఫోన్ చేస్తే ఫిర్యాదు త్వరగా నమోదవుతుంది.