బిడ్డ బొద్దుగా ఉన్నా సరే, ఒకసారి జబ్బ కొలవండి

పోషకాహార లోపాన్ని కంటితో చూసి తేల్చలేం. 6 నెలలు దాటిన, 5 ఏళ్ల లోపు బిడ్డకైతే ఎడమ చెయ్యి వదులుగా వేలాడదీసి, భుజం కొనకీ మోచేతికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టండి, చర్మం నొక్కుకుపోకూడదు, టేపు జారకూడదు. 12.5 సెంటీమీటర్లకు తగ్గితే లోపం ఉన్నట్టే, 11.5 కంటే తక్కువైతే తీవ్రమైనది.

ఆ తర్వాత రెండు పాదాల పైభాగాన్ని బొటనవేలితో మూడు సెకన్లు నొక్కి చూడండి. రెండిట్లోనూ గుంట అలాగే ఉండిపోతే అది వాపు. జబ్బ కొలత బాగున్నా ఈ వాపుంటే తీవ్ర లోపమే. ఒళ్లు చేశాడని ఇంట్లోవాళ్లు సంబరపడే బిడ్డ నిజానికి ఇలా నీరు పట్టి ఉండొచ్చు, అందుకే ఈ పరీక్ష మాత్రం మానొద్దు.

తీవ్ర లోపం ఉన్నా బిడ్డ చురుగ్గా ఉండి, ఆకలిగా తింటూ, వేరే జబ్బేమీ లేకపోతే ఇంట్లోనే వైద్యం చేయొచ్చు. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే వేరుశెనగ, పాలపొడి, నూనె కలిపిన ముద్ద ఒక్కో ప్యాకెట్‌లో సుమారు 500 కేలరీలుంటాయి. ముందు తల్లిపాలు, తర్వాత ముద్ద, పక్కనే మంచినీళ్లు. అది మందు లాంటిది, అన్నకో అక్కకో పంచితే ఈ బిడ్డ కోలుకోడు.

తినకపోయినా, తిన్నదంతా కక్కేస్తున్నా, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ఒళ్లు చల్లబడినా, వాపు ఎక్కువగా ఉన్నా ఆసుపత్రే. దారిలో బిడ్డను తల్లి ఒంటికి ఆనించి కప్పండి, స్పృహలో ఉండి మింగగలిగితే పంచదార నీళ్లు కొద్దికొద్దిగా పట్టండి. అక్కడ పాలు తక్కువ తక్కువగా రెండు మూడు గంటలకోసారి పడుతుంటే టెన్షన్ పడకండి, చిక్కిపోయిన ఒంటికి ఒక్కసారిగా ఎక్కువ పెడితే గుండె తట్టుకోలేదు, ప్రాణం మీదికి రావచ్చు. సెలైన్ పెట్టమని ఒత్తిడి చేయడం కూడా ఇందుకే వద్దు, ఐరన్ సిరప్ కూడా మొదట్లోనే వేయరు.

ఆరు నెలల లోపు పసికందుకు ఆ ముద్ద పెట్టకూడదు. డాక్టరుకు చూపించి, తల్లిపాలు సరిగా పడుతున్నాయో లేదో చూసుకోవాలి.

ఇక తల్లి. గర్భిణి, బాలింతల జబ్బ 23 సెంటీమీటర్లకు తక్కువుంటే అదనపు ఆహారం కావాలి. గర్భిణికి రోజూ ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్ర తప్పనిసరి, ఆ మాత్ర వేసుకునేటప్పుడు టీ, కాఫీ తాగొద్దు. తల్లి బక్కగా ఉందని పాలు మాన్పించకండి, బిడ్డ చప్పరించే కొద్దీ పాలు ఊరతాయి. అందరూ తిన్నాక మిగిలింది కాదు, ఆమె కంచం ముందు వడ్డించండి.